తిరుపతి, చంద్రగిరి, మదనపల్లె: రెండు కుటుంబాల ప్రయాణం

ఈసారి తిరుపతికి మాతోపాటు మా ఆఫీసు మిత్రుడి కుటుంబం కూడా వచ్చింది. వాళ్లు ముస్లింలు. "కొండ చూడాలని పిల్లలు ఎప్పట్నుంచో అడుగుతున్నారన్నా" అన్నాడు. ఇలా కలిసి వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బస సంగతి. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఫోన్లో రెండు రూములు చెప్పి పెట్టుకున్నాం. నా ఆధార్ చూసి తాళం చేతికిచ్చిన కౌంటర్ ఆయన, మావాడి ఆధార్ చూడగానే "రెండో రూము ఇప్పుడే పోయింది సార్" అన్నాడు. నేను తాళం తిరిగిచ్చేశాను. రెండు వీధుల అవతల ఇంకో లాడ్జి దొరికింది. లిఫ్టు లేదు, దుప్పట్లు పాతవి, ఫ్యాను గీక్కుంటూ తిరిగింది. కానీ అక్కడి పెద్దావిడ అడిగింది ఒక్కటే: "పిల్లోళ్లకి వేన్నీళ్లు ఎన్నింటికి కావాల?" నమాజుకి పడమర ఎటని మావాడు అడిగితే రూంబాయ్ కిటికీ తెరిచి, "కొండకి మొహం పెట్టి నిలబడండి సార్, మీ ఎడంచేతి పక్క" అన్నాడు. రూముకి సగం మార్కులే వేస్తాను గానీ, మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం.

తిరుమల శ్రీవారి దర్శనానికి అన్యమతస్థులు స్వామిపై విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. రాష్ట్రపతిగా ఉన్నప్పుడు అబ్దుల్ కలాం గారు కూడా సంతకం పెట్టే లోపలికి వెళ్లారు. ఈ విషయం ముందే మాట్లాడుకోండి, క్యూ దగ్గరికెళ్లాక టెన్షన్ పడొద్దు. మావాడు పెట్టనన్నాడు. "మనసులో లేనిది రాసిస్తే అది మీ స్వామికి మర్యాద కాదు కదన్నా" అన్నాడు. నాకైతే సంతకం కంటే ఆ మాటలోనే ఎక్కువ గౌరవం కనపడింది. మేము 300 రూపాయల టికెట్‌తో దర్శనానికి వెళ్తే వాళ్లు శిలాతోరణం, మ్యూజియం చూసొచ్చారు. తర్వాత అందరం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కలిశాం. అక్కడ టికెట్ లేదు, పేరు అడగరు. పక్కన కూర్చున్న తమిళ పెద్దాయన, మావాడి చిన్నకూతురు ఒకరి భాష ఒకరికి తెలియకుండానే సాంబారు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

చంద్రగిరి తిరుపతికి దగ్గరే, ఆటోలో వెళ్లొచ్చు. 1565లో తళ్లికోట దగ్గర దక్కన్ సుల్తానుల చేతిలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకుంటూ కొన్నాళ్లు ఇక్కడ ఉన్నారు. కానీ రాజమహల్ ముందు నిలబడి చూడండి. అంతస్తులన్నీ సుల్తానుల పద్ధతి కమానులు, పైన గుడి గోపురం లాంటి శిఖరాలు. యుద్ధాలు చేసుకున్నవాళ్ల మేస్త్రీలు మాత్రం ఒకరి పనితనం ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారన్నమాట! శుక్రవారం రాజమహల్లోని మ్యూజియానికి సెలవు, ఆ రోజు వెళ్లకండి. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి, ఎండ మాడ్చేస్తుంది.

మదనపల్లె దారిలో పీలేరు దాటాక రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) తిన్నాం. ఈ ప్రయాణంలో రెండు కుటుంబాలకీ ఒకేలా నచ్చిన భోజనం ఇదొక్కటే.

మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి 1919లో టాగూర్ వచ్చి ఉన్నప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. మనం పాడేది మొదటి చరణమే. రెండో చరణంలో హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పారశీక, ముస్లిం, క్రైస్తవులందరినీ పేరుపేరునా పిలుస్తారు. మావాడి పెద్దమ్మాయి అది ఫోన్లో వెతికి చదివితే, ఇంతకాలం ఎందుకు నేర్పలేదని మా అబ్బాయి నన్ను నిలదీశాడు. ఇది క్లాసులు నడిచే కాలేజీ కాబట్టి ముందు ఆఫీసులో అనుమతి అడగాలి.

మీకు టైము తక్కువుంటే మదనపల్లె మానేయండి, రానూపోనూ ఒక పూట రోడ్డు మీదే గడిచిపోతుంది. చంద్రగిరి మాత్రం మానకండి. రూము బుక్ చేసేటప్పుడే వచ్చేవాళ్లందరి పేర్లూ ఫోన్లో చెప్పేయండి, అవతలివాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది.