కొత్త కారుకు పీపీఎఫ్ వేయించాలా, సిరామిక్ చాలా, రెండూ వద్దా?

పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, రంగు మీద అతికించే పారదర్శక పొర. సిరామిక్ అంటే రంగు మీద ద్రవంగా పూస్తే గట్టిపడే పూత. కొత్త కారు రేకు మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మెరుపునిచ్చే పై పొర క్లియర్ కోట్ ఒక్కటీ 40 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, తల వెంట్రుక కన్నా సన్నం. గీతలు పడేదీ, కాకి రెట్ట తినేసేదీ ముందు ఈ పొరనే. మంచి పీపీఎఫ్ మందం 170 నుంచి 200 మైక్రాన్లు. సిరామిక్ కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే షోరూంలో చెప్పే మాటల్లో సగం అక్కడే తేలిపోతాయి. సిరామిక్ రాయిని ఆపదు. డబ్బా మీద రాసే '9హెచ్' పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో వచ్చే కొలత. కంకర టిప్పర్ నుంచి ఎగిరొచ్చే రాయికి ఆ కొలతతో పనిలేదు.

మరి సిరామిక్ దేనికి? కడగడం తేలికవడానికి. దుమ్ము గట్టిగా అంటుకోదు, నీళ్లు జారిపోతాయి, ముదురు రంగులకు నిగారింపు వస్తుంది. రెట్టకూ చెట్టు జిగురుకూ కాస్త గడువు దొరుకుతుంది, అంతే. కానీ మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కారు కడిగేది బోరు నీళ్లతో. బొట్టుగా నిలిచిన బోరు నీళ్లు ఎండలో ఆరితే ఆ బొట్టు ఉన్నచోట తెల్లటి ఉంగరం మిగులుతుంది. సిరామిక్ మీద నీళ్లు మరింత గుండ్రంగా బొట్టు కడతాయి కాబట్టి ఈ ఉంగరాలూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి. కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్లకే సిరామిక్ అచ్చొస్తుంది. కొత్త మచ్చలైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, బండి నీడలో ఉన్నప్పుడు, ఒక నిమిషం తడిపి కడిగేస్తే పోతాయి. వారాల తరబడి మగ్గినవాటికి పాలిష్ తప్పదు.

పీపీఎఫ్ పని వేరు. అది టీపీయూ అనే సాగే ప్లాస్టిక్. రాయి తగిలినప్పుడు కొంచెం లోపలికి నొక్కుకుని ఆ దెబ్బను చుట్టూ పంచేస్తుంది. గుడ్డతో తుడిచినప్పుడు పడే సన్నగీతలు పై పొర వేడెక్కగానే పూడుకుపోతాయి. మన మే నెల ఎండలో దీనికి హీట్ గన్ కూడా అక్కర్లేదు, మధ్యాహ్నం గంటసేపు బయట నిలబెడితే చాలు. ఫిల్మ్ తెగేంత లోతు గీత మాత్రం పూడదు. సొట్టను ఏ ఫిల్మూ ఆపదు. ట్రాఫిక్‌లో బైక్ హ్యాండిల్ తగిలి గీత పడితే ఫిల్మ్ కాపాడుతుంది, అదే బైక్ గుద్దితే రేకు వంగుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది ఖర్చుపెట్టాక నిట్టూరుస్తారు.

రాళ్ల దెబ్బలు బండి అంతటికీ ఒకేలా పడవు. హైదరాబాద్ నుంచి విజయవాడకు వారానికోసారి వెళ్లొచ్చే కారును ఏడాది తర్వాత టార్చి వేసి చూడండి: ముందు బంపర్, బానెట్ ముందంచు, సైడు అద్దాల వీపు, వెనక చక్రం ఆర్చికి ముందున్న భాగం, దెబ్బలన్నీ అక్కడే. చివరి చోటికి రాళ్లు విసిరేది సొంత ముందు చక్రాలే. ఊళ్లోనే తిరిగే కారుకు వేరే చోట్ల దెబ్బ. డోర్ హ్యాండిల్ వెనక గుంటలో ఉంగరాల గీతలు, డోర్ అంచున పార్కింగ్ గోడ దెబ్బలు, డిక్కీ గడప మీద సూట్‌కేసులూ బియ్యం బస్తాలూ ఈడ్చిన గీతలు. హ్యాండిల్ గుంటలకూ డోర్ అంచులకూ చిన్న ముక్కలు మీరే అతికించుకోవచ్చు, మూడు నాలుగు వేలు దాటదు.

అందుకే ఎక్కువమందికి లాభసాటి బేరం ముందు భాగం కిట్: బంపర్, పూర్తి బానెట్, రెండు ఫెండర్లు (ముందు చక్రాల పైనుండే రేకులు), అద్దాలు, హెడ్‌ల్యాంపులు. అసలు టీపీయూ అయితే సుమారు 25 వేల నుంచి 45 వేల దాకా అడుగుతారు. బానెట్‌కు ముందంచున ఒకటిన్నర అడుగుల పట్టీ వేస్తే చాలని కొందరు చెబుతారు, వినకండి. ఆ పట్టీ అంచున దుమ్మూ వ్యాక్సూ చేరి ఆరు నెలల్లో బానెట్ నడుమ నల్లగీత తేలుతుంది. తెల్ల కారు మీదైతే అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది.

ఒళ్లంతా వేయించాలంటే చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు 60 వేలు మొదలు, మధ్యస్థాయి ఎస్‌యూవీకి లక్ష దాటుతుంది. రోలు వెడల్పు 1.52 మీటర్లు, పొడవు 15 మీటర్లు. ఎస్‌యూవీకి దాదాపు రోలంతా పడుతుంది కాబట్టి ఆ ధరలో సగానికి సగం తక్కువకు ఎవరైనా ఒప్పుకుంటే రోలు మీదే అనుమానపడాలి. ఇక లెక్క చూద్దాం. బయటి షెడ్డులో ఒక ప్యానెల్ రంగుకు నాలుగైదు వేలు. పది లక్షల లోపు తెల్ల కారును నాలుగేళ్లకు అమ్మేసే ఆలోచన ఉంటే లక్ష రూపాయల ఫిల్మ్ ఎప్పటికీ గిట్టదు. ముదురు నీలం, నలుపు, ఖరీదైన మెటాలిక్ ఎరుపు రంగులు, ఎనిమిదేళ్లు ఉంచుకునే బండి, నెలకు వెయ్యి కిలోమీటర్ల హైవే, ఈ మూడూ కలిసినప్పుడు ఒళ్లంతా ఫిల్మ్‌కు అర్థముంది. రంగు ఫిల్మ్ వేయించి బండి రంగే మార్చాలనుకుంటే ఆర్‌సీలోనూ రంగు మార్పించుకోవాలి.

అన్నిట్లోకీ చెడ్డ బేరం చవక పీవీసీ ఫిల్మ్. ఒళ్లంతా 30 వేలకే అంటూ, 'టీపీహెచ్' అని కొత్త పేరు పెట్టి కూడా అమ్ముతారు. రెండేళ్లలో పసుపుబారి, గట్టిపడి, పీకేటప్పుడు పెంకుల్లా విరుగుతుంది, జిగురు రంగు మీదే ఉండిపోతుంది. దాన్ని గీకించడానికి వేలల్లో కూలి. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. వేలెడు ముక్క అడిగి తీసుకుని సాగదీయండి: టీపీయూ మళ్లీ దగ్గరికొస్తుంది, పీవీసీ సాగినచోటే తెల్లబడి నిలిచిపోతుంది. ఇంకా అనుమానముంటే పైపూత ఒలిచిన రాగి తీగను పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అది పీవీసీ. ఈ పని ఆరుబయటే చేయాలి, ఆ పొగ మంచిది కాదు.

ఫిల్మ్ మంచిదైనా చేయి మంచిది కాకపోతే అంతే సంగతులు. పని వరుస ఇది: షాంపూ వాష్, ఇనుప రజను కరిగించే ద్రావణం, క్లే బార్ (రంగుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. తర్వాత బేబీ షాంపూ చుక్కలు కలిపిన నీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, జరిపి సర్ది, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో నీళ్లు బయటికి తోయడం. అంచులు వెంటనే పట్టుకోవడానికి ఆల్కహాల్ కలిపిన నీళ్లు వాడతారు. ఒళ్లంతా అయితే రెండు మూడు రోజులు పడుతుంది. సాయంత్రానికే ఇచ్చేస్తామన్న షాపులో క్లే బార్ దశ ఎగిరిపోయిందనే అర్థం. ప్లాటర్ (కంప్యూటర్ కొలతలతో ఫిల్మ్ కోసే యంత్రం) మీద ముందే కోసిన ముక్కలా, బండి మీద పెట్టి కోస్తారా అని తప్పక అడగండి. బండి మీద బ్లేడు ఆడితే ఒత్తిడి కాస్త ఎక్కువైనా గీత రంగులోకి దిగుతుంది, అది ఫిల్మ్ తీసిన రోజునే బయటపడుతుంది. డెలివరీ తీసుకునేటప్పుడు టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి. చిన్న నీటి బుడగలు వారం పది రోజుల్లో ఆవిరైపోతాయి. లోపల ఇరుక్కున్న దుమ్ము, వెంట్రుక, సాగదీసిన చారలు మాత్రం ఎన్నాళ్లైనా పోవు, అక్కడికక్కడే ముక్క మార్పించాలి.

కొత్త బండే కదా అని రంగు మందం చూడకుండా ఫిల్మ్ వేయించకండి. లారీలో వచ్చేటప్పుడో యార్డులోనో గీత పడి, డీలర్ రంగు వేయించిన ప్యానెల్ ఉండొచ్చు. మందం కొలిచే మీటర్ పెడితే మిగతావి 120 చూపిస్తుంటే ఒక్క డోర్ 220 చూపిస్తుంది. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటర్ పనిచేయదు. ఫ్యాక్టరీ రంగు ఓవెన్‌లో కాలినది కాబట్టి మొదటి రోజే ఫిల్మ్ వేయొచ్చు. షెడ్డులో వేసిన రంగుకు కనీసం నెల ఆగాలి, ఆ తర్వాత కూడా ఫిల్మ్ తీసేటప్పుడు ఆ రంగు పెచ్చుగా ఊడొచ్చే ప్రమాదం ఉంటుంది.

వాహన పూజ సంగతి. పెద్దమ్మ గుడి దగ్గరో, ఇంద్రకీలాద్రి కిందో బానెట్ మీద స్వస్తిక్ వేస్తారు. తడి పసుపు ఫిల్మ్ పై పొరలోకి ఇంకి మరక పడుతుంది. కడిగినా పోని పసుపు రంగును నాలుగు రోజుల ఎండ చాలావరకు వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి కంగారుపడి రుద్దకండి. కుంకుమ సంగతి వేరు, దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే గరుకు రేణువులు సన్నగీతలు గీస్తాయి. ముందు నీళ్లు ధారగా పోయాలి. బొట్టు అద్దం మీద పెట్టమని పంతులుగారిని అడిగితే ఏ ఇబ్బందీ ఉండదు.

వేయించాక వారం రోజులు కడగకూడదు. ప్రెషర్ వాషర్‌ను అడుగున్నర దూరంలో ఉంచాలి, అంచుల మీదికి సూటిగా కొట్టకూడదు, ఒకసారి అంచు లేచిందంటే దుమ్ము చేరి మళ్లీ అంటుకోదు. రోజూ ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి ఉంటే, ఫిల్మ్ ఉన్నా లేకపోయినా దాన్ని మాన్పించడమే మొదటి రక్షణ. వారంటీ కార్డు మీద రోలు నంబరుండాలి. వారంటీ సాధారణంగా పసుపుబారడానికీ, పగలడానికీ, ఊడిరావడానికీ వర్తిస్తుంది, రాయి కోతకు కాదు. ప్రమాదంలో ప్యానెల్ మార్చితే ఫిల్మ్ ఖర్చు బీమాలో రావాలంటే పాలసీలో దాని ప్రస్తావన ఉండాలి, వేయించే ముందే అడిగి రాయించుకోండి. బిల్లు దాచండి. రేపు బండి అమ్మేటప్పుడు మీటర్ ఫిల్మ్‌తో కలిపి 300 మైక్రాన్లు చూపిస్తే, కొనేవాళ్లు రంగు వేయించారనుకుని ధర కోస్తారు.

ఏది ఎంచుకున్నా షోరూంకు ముందే ఒక మాట చెప్పిపెట్టండి: డెలివరీకి ముందు వాష్ వద్దు, పాలిష్ వద్దు, టెఫ్లాన్ వద్దు, ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచండి.