సీల్ డబ్బాలో పాత ఎస్‌ఎస్‌డీ: పీసీ బిల్డ్ చేసేవాళ్లు చూసుకోండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు పీసీ పార్టులు కొనడానికి వెళ్తున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. అక్కడి షాపులన్నీ ఇంతే అనను, నా పాత మెషీన్ పార్టులన్నీ అక్కడ కొన్నవే, ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఈసారి ఒక షాపువాడు కొత్తదని చెప్పి, సీల్ డబ్బాలో పెట్టి, వాడేసిన 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డులో పెట్టే స్టోరేజ్ డ్రైవ్) అంటగట్టాడు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

ఉబుంటు లినక్స్ వేసి, నా పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ దింపే ముందు అలవాటు కొద్దీ స్మార్ట్‌సీటీఎల్ (డ్రైవ్ ఎంత వాడారో చూపించే ప్రోగ్రామ్) నడిపాను. పవర్ ఆన్ అవర్స్, అంటే డ్రైవ్ ఆన్‌లో ఉన్న గంటలు, 9,412! కొత్త డ్రైవ్‌కి అక్కడ సున్నానో, ఒకటో రెండో ఉండాలి. ఇదేమో ఆపకుండా పదమూడు నెలలు తిరిగినట్టు. రాసిన డేటా 186 టీబీ, పర్సంటేజ్ యూజ్డ్ 31, అంటే డ్రైవ్ ఆయుష్షులో 31 శాతం అయిపోయినట్టు. పవర్ సైకిల్స్ (ఎన్నిసార్లు ఆన్ చేశారో ఆ లెక్క) మాత్రం నలభై కూడా లేవు, అంటే రోజూ ఆన్ చేసి ఆపేసే ఇంటి కంప్యూటర్‌లోది కాదు, ఏదో సర్వర్‌లో రాత్రీపగలూ నలిగి వచ్చిన సరుకు. డబ్బా మీద, స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఒకటే, డ్రైవ్ లోపలి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) చెప్పే నంబర్ వేరు. స్టిక్కర్ అంచు గోటితో లేపితే కింద పాత జిగురు కనిపించింది.

షాపుకి తీసుకెళ్తే ముందు "అది ఫ్యాక్టరీ టెస్టింగ్ రీడింగ్ సార్" అన్నాడు. 186 టీబీ టెస్టింగా భయ్యా అంటే మాట మార్చి "లినక్స్‌లో తప్పు చూపిస్తది, విండోస్‌లో చూడండి" అని బుకాయించాడు. సరే అని వాళ్ల కౌంటర్ మీదున్న కంప్యూటర్‌లోనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (ఇవే రీడింగ్‌లు చూపించే విండోస్ ప్రోగ్రామ్) పెట్టి చూపించాను, అవే అంకెలు. అప్పుడు ఇంకో పీస్ ఇస్తానన్నాడు. అక్కడికక్కడే విప్పించి చూస్తే దానిలోనూ వేలల్లో గంటలు, అంటే పొరపాటున ఒకటి కలిసిపోవడం కాదు, తెచ్చిన లాటే అలాంటిది. డబ్బులు వాపస్ అడిగితే "సీల్ తీసేశారు కదా" అంటాడు. సీల్ తీయకుండా మదర్‌బోర్డులో ఎలా పెట్టాలో ఆయనే చెప్పాలి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ లోపలి నంబర్ కొట్టి చూస్తే అది ఓఈఎం డ్రైవ్ అట, అంటే కంప్యూటర్ తయారుచేసే కంపెనీలకి అమ్మేది, మామూలు కస్టమర్‌కి వారంటీ ఉండదు.

బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ తగ్గుతుందని ఆశ పెడతారు, ఒప్పుకోకండి. నేను బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకున్నాను, ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి, కుదిరితే షాపులోనే డ్రైవ్ పెట్టించి రీడింగ్ చూడండి. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయటి నుంచి కలిపే డబ్బాలో) పెడితే స్మార్ట్‌సీటీఎల్ ఒక్కోసారి ఏమీ చూపించదు, లోపలి చిప్‌ని బట్టి డివైస్ టైప్ మనమే ఇవ్వాలి. గంటలు సున్నా ఉన్నా వెంటనే నమ్మేయకండి, వాటిని రీసెట్ చేసేవాళ్లూ ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని కొన్న సీగేట్ హార్డ్‌డిస్క్‌ల విషయంలో ఇదే బయటపడింది, మామూలు రీడింగ్ సున్నా చూపిస్తే ఫార్మ్ లాగ్‌లో (సీగేట్ డ్రైవ్ లోపల విడిగా ఉండే వాడకం రికార్డులో) వేల గంటలు దొరికాయి. చియా అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో వాడినవని అనుమానించారు.

ఇంకో మాట. "విండోస్, ఆఫీస్, కోడింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నీ ఫ్రీగా వేసిస్తాం" అంటారు, వద్దనండి. లైసెన్స్ లేకుండా వాటిని నడిపించే ఆ యాక్టివేటర్లు చాలావరకు విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపేసి మరీ లోపలికి వస్తాయి, అదే మెషీన్‌లో మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైళ్లు), ఆఫీసు కోడ్ ఉంటాయి. కోడింగ్‌కి వాడే విజువల్ స్టూడియో కమ్యూనిటీ, వీఎస్ కోడ్ ఎలాగూ ఉచితమే కదా, క్రాక్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు. కంప్లైంట్ పెట్టాక షాపువాడే ఫోన్ చేసి సగం డబ్బులు ఇస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. మీలో ఎవరైనా ఈ మధ్య అటువైపు ఎస్‌ఎస్‌డీ కొనుంటే ఒకసారి రీడింగ్ చూసి, లోపలి నంబర్ డబ్బాతో కలుస్తోందో లేదో నాకు మెసేజ్ చేయండి.