ర్యాప్ లయలో ఇంగ్లీషు పాఠం: ఫ్లోకాబులరీ సమీక్ష

ఇంగ్లీషు తరగతికి హిప్-హాప్‌ను పాఠ్యసాధనంగా మలచిన డిజిటల్ సేవల్లో ఫ్లోకాబులరీ బాగా పేరున్నది. 2004లో అమెరికాలో మొదలైన ఈ సేవను 2020లో నియర్‌పాడ్ సంస్థ కొనుగోలు చేసింది. పాఠానికొక చిన్న ర్యాప్ వీడియో, దాని వెంట పదాల కార్డులు, చదివి జవాబు రాసే అభ్యాసం, క్విజ్ ఉంటాయి.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది లిరిక్ ల్యాబ్. అందులో విద్యార్థి ఒక బీట్‌ను ఎంచుకుని, పాఠంలో నేర్చుకున్న కొత్త పదాలతో తానే చరణాలు రాస్తాడు. పదాన్ని అంత్యప్రాసకు కుదర్చాలంటే దాని ఉచ్చారణను చెవితో పట్టుకోవాలి, లయలో ఇమడ్చాలంటే పదంలో ఎక్కడ ఊనిక పడుతుందో గమనించాలి, వాక్యంలో పొసగాలంటే అర్థం తెలిసి ఉండాలి కనుక, బట్టీ పట్టినప్పుడు జరగని పని ఇక్కడ సహజంగానే జరిగిపోతుంది. పదసంపద పెంచడానికి ఇంతకంటే ఇష్టంగా చేసే అభ్యాసం మరొకటి ఉంటుందని నేను అనుకోను.

వేగంగా సాగే ర్యాప్‌ను తొలిసారి వినగానే అందుకోవడం ఇంగ్లీషు మాతృభాష కానివారికి కష్టమే. అందువల్ల ఉపాధ్యాయుడు వీడియోను మధ్యమధ్య ఆపి, పంక్తులను బిగ్గరగా చదివించాలి. వ్యాకరణాన్ని లోతుగా బోధించే బాధ్యత కూడా ఆయనదే. వీడియో చూపించి, పిల్లల చేత ఏమీ రాయించకుండా ఊరుకునేవారికి మాత్రం నేను దీనిని సిఫారసు చేయను.