మిర్చి యార్డులో రెండు ఫోన్లు: గెలాక్సీ ఎస్24 అల్ట్రా, ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్

గుంటూరు మిర్చి యార్డులో మేం అన్నదమ్ములం కొనుగోలు వ్యాపారం చేస్తాం. ఇండోర్, ఢిల్లీ, ముంబై పార్టీల (అక్కడి కొనుగోలుదారుల) కోసం సరుకు చూసి, మచ్చు తీసి, ఫొటోలూ వీడియోలూ పంపి, రేటు మాట్లాడి కొంటాం. సగం వ్యాపారం ఫోన్లోనే నడుస్తుంది. నా దగ్గర శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా, తమ్ముడి దగ్గర ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్. 2024 సీజన్ నుంచి రెండూ యార్డులోనే ఉన్నాయి. ఎవరికి ఏది అవసరమైతే అది తీసుకుని వాడుతుంటాం.

ఈ రెండింట్లో ఏది మంచిదని యార్డులో చాలామంది అడుగుతుంటారు. ఒక్కటే కొనేటట్టయితే శాంసంగ్ తీసుకోమంటాను. సరుకు వీడియో తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను కూడా తమ్ముడి ఫోనే అడిగి తీసుకుంటాను. ఎందుకో వివరంగా చెప్తాను.

మిర్చికి రంగే సగం రేటు. తేజ రకాన్ని ఘాటు కోసం కొంటారు, బాడిగను రంగు కోసం కొంటారు. ఏ రకమైనా కాయ ఎరుపు తగ్గినా, తాలు (రంగు పోయి తెల్లబారిన కాయ) కలిసినా క్వింటాకు రేటు పడిపోతుంది. అందుకే దూరాన ఉన్న పార్టీకి మనం పంపే ఫొటోలో రంగు ఉన్నది ఉన్నట్టు కనపడాలి. ఫొటోలో రంగు ఎక్కువ కనపడితే అప్పటికి సంతోషమే. లారీ అక్కడ దిగాక గొడవ మొదలవుతుంది. తక్కువ కనపడితే బేరమే తెగదు.

ముదురు ఎరుపు తీయడం ఏ ఫోన్‌కైనా కష్టమే. మిర్చి కుప్ప మీద ఎండ పడితే కెమెరా సెన్సర్‌లో ఎరుపు భాగం మిగతా రంగుల కంటే ముందే నిండిపోతుంది. అప్పుడు కాయ మీది ముడతలు, మెరుపు, చిన్న చిన్న మచ్చలు అన్నీ కలిసిపోయి కుప్పంతా ఒకే ఎర్రటి ముద్దలా వస్తుంది. దానికి రెండు ఫోన్లలోనూ ఒకటే మందు: తెర మీద కాయను తాకి, అక్కడ వచ్చే వెలుతురు గుర్తును తగ్గే వైపుకు లాగాలి. ముడతలు మళ్లీ కనపడేదాకా తగ్గించాలి. చుట్టుపక్కల కాస్త చీకటిగా వచ్చినా పర్వాలేదు, కాయ కనపడితే చాలు.

ఆ తర్వాత పట్టాల (టార్పాలిన్ల) గొడవ. నీలం పట్టా కింద కుప్ప పోస్తే ఎరుపు నల్లగా కనపడుతుంది, పసుపు పట్టా కిందైతే నారింజ రంగుకు తిరుగుతుంది. ఇక్కడ ఐఫోన్ తనంతట తానే చాలావరకు సర్దుకుంటుంది. స్టైల్ ఏదీ పెట్టకుండా స్టాండర్డ్‌లో వదిలేసి తీస్తే, చేతిలోని మచ్చుకూ తెర మీది కాయకూ పెద్ద తేడా ఉండదు. శాంసంగ్ ఆటో మోడ్‌ది వేరే అభిరుచి. బొమ్మ వెలుగ్గా, రంగు కాస్త పైకి వచ్చేలా తీస్తుంది. పెళ్లి ఫొటోలకు అదే బాగుంటుంది, నేనూ ఇంట్లో అలాగే వాడతాను. సరుకు ఫొటోకు మాత్రం ప్రో మోడ్‌లోకి వెళ్లాల్సిందే. అందులో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురును బట్టి రంగు సరిచేసే లెక్క, అంకెల్లో పెట్టుకోవచ్చు. ఎండలో 5200 నుంచి 5500 కెల్విన్ మధ్య పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే తీవ్రత) తగ్గిస్తే, ఐఫోన్ కంటే కూడా అసలు రంగుకు దగ్గరగా తీయవచ్చు. వైట్ బ్యాలెన్స్‌ను అలా అంకెల్లో పెట్టుకునే వీలు ఈ ఐఫోన్ సొంత కెమెరాలో లేదు, వేరే యాప్ వేసుకోవాలి.

అంటే ఓపిక ఉన్నవాడికి శాంసంగ్, వెంటనే పని కావాల్సినవాడికి ఐఫోన్. వేలం జరుగుతున్నప్పుడు ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే ఈ విషయంలో తమ్ముడి ఫోన్‌కే ఓటేస్తాను. ఏ ఫోన్ వాడినా ఒక పని చేయండి. లాట్ నంబర్ రాసిన తెల్ల కాగితం కాయల పక్కన పెట్టి తీయండి. కాగితం తెల్లగా కనపడితే ఎరుపును నమ్మొచ్చని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ అన్నా ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. ఐఫోన్ ఫొటోను ఫైలుగా పంపితే అవతలి పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్స్‌లో కెమెరా ఫార్మాట్‌ను మోస్ట్ కంపాటిబుల్‌కు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. శాంసంగ్‌లో సరుకు రంగు చూసుకునేటప్పుడు తెరను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చుకోవాలి. ఐఫోన్‌లో ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ ఆపేయాలి. ఫొటో సరిగ్గా వచ్చినా తెర రంగు మార్చి చూపిస్తే మన అంచనా తప్పుతుంది.

వీడియోలో ఐఫోన్‌ది పైచేయి, అందులో నాకు సందేహం లేదు. టిక్కీ (మిర్చి బస్తా) కుట్టు విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, అడుగు నుంచి కాయ పైకి తీసి చూపించేదాకా ఒక్క కట్ కూడా లేకుండా తీస్తేనే పార్టీ నమ్ముతాడు. షెడ్డు నీడలోంచి ఎండలోకి నడుస్తూ తీసినా ఐఫోన్‌లో వెలుతురు మెల్లగా, కంటికి తెలియనంతగా మారుతుంది. బయట తగిలించే ఎస్ఎస్‌డీ (స్టోరేజి) లోకి నేరుగా రికార్డు చేసే సదుపాయం కూడా ఉంది, మాకు దాని అవసరం పడలేదు.

ఇక ఎండ. శాంసంగ్‌ను నేను వదలకపోవడానికి మొదటి కారణం దాని తెర. గొరిల్లా ఆర్మర్ అనే ఆ గాజు మామూలు గాజు కంటే ప్రతిబింబాలను 75 శాతం వరకు తగ్గిస్తుందని తయారుచేసిన కంపెనీ చెప్పింది. శాతం సంగతి ఎలా ఉన్నా, మార్చి మధ్యాహ్నం షెడ్డు బయట నిలబడి రెండు ఫోన్లూ పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఐఫోన్ తెర మీద ఆకాశం, నా మొహం కనపడతాయి. శాంసంగ్ మీద సరుకు కనపడుతుంది. కాగితం మీద అయితే తెర వెలుగు శాంసంగ్‌ది 2600 నిట్స్, ఐఫోన్‌ది 2000. నా లెక్కలో ఆ అంకెల కంటే గాజు గొప్పది. కొన్న షాపులో అలవాటుగా పైన టెంపర్డ్ గ్లాస్ వేస్తామంటారు. మామూలు గ్లాస్ వేశారంటే ఆ గుణమంతా దాని కింద కప్పబడిపోతుంది. వద్దని చెప్పండి.

లాక్ తీయడం దగ్గర యార్డు పరిస్థితి వేరు. మిర్చి కోరు (ఘాటు దుమ్ము) లేచినప్పుడు అందరం ముక్కూ నోరూ తువ్వాలుతో కట్టుకుంటాం. చేతులకేమో కారం పొడి, నూనె జిడ్డు. శాంసంగ్ వేలిముద్ర మీద నడుస్తుంది కాబట్టి ముందు వేలు తుడుచుకోవాలి. ఐఫోన్ ముఖం చూసి తెరుచుకుంటుంది, మాస్కుతో కూడా ముఖం గుర్తుపట్టే ఆప్షన్ ఆన్ చేసుకుంటే తువ్వాలు కట్టుకున్నా కళ్లు చూసి తెరుచుకుంటుంది. కోరు ఎక్కువగా ఉన్న గంటల్లో ఇది చాలా పెద్ద సుఖం. రెండింటికీ దుమ్ము, నీళ్ల నుంచి ఐపీ68 రక్షణ ఉంది. స్పీకర్ రంధ్రాల్లో, చార్జింగ్ పోర్టులో ఎర్ర దుమ్ము చేరుతుంది కాబట్టి మెత్తటి బ్రష్‌తో తుడుస్తుంటాం.

కాల్ రికార్డింగ్ చాలామందికి చిన్న సంగతి. మాకు అదే ప్రాణం. క్వింటాకు ఎంత, తూకం ఎక్కడ, తేమ కోత ఎంత అన్నీ నోటి మాట మీదే కుదురుతాయి. వారం తర్వాత "నేను అలా అనలేదు" అన్న మాట వస్తే సాక్ష్యం ఏది? మన దేశంలో అమ్మే శాంసంగ్‌లో కాల్ రికార్డింగ్ ఫోన్‌తోనే వస్తుంది, ఆటోమేటిక్‌గా కూడా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌కు ఆ సదుపాయం ఐఓఎస్ 18.1తో 2024 అక్టోబర్‌లో వచ్చింది. రికార్డు మొదలవగానే కాల్ రికార్డవుతోందని ఇద్దరికీ వినపడేలా గొంతు ప్రకటిస్తుంది. అవతలి మనిషికి తెలియాలన్నది న్యాయమే. నేను నా పార్టీలందరికీ, రైతులకీ ముందే చెప్పి పెట్టుకున్నాను: "బాబాయ్, నా ఫోన్లో మాట రికార్డవుతుంది, ఇద్దరికీ మంచిదే." వాళ్లూ సరేనన్నారు. కానీ రోజంతా ప్రతి కాల్‌లో ఆ ప్రకటన మోగుతుంటే బేరం సాగదు. ఒక సెకను ఆగి మాట్లాడాల్సిన మనిషి అసలు మాట్లాడటమే మానేస్తాడు. ఒక్కటే కొనేటట్టయితే శాంసంగ్ అన్నది ముఖ్యంగా ఇందుకే. తమ్ముడు మాత్రం ఈ మాట ఒప్పుకోడు. "అన్నా, వీడియో చూశాకే కదా వాళ్లు ఫోన్ చేసేది" అంటాడు. అతని వాదనలోనూ బలం ఉంది.

శాంసంగ్‌తో వచ్చే ఎస్ పెన్ గురించి కొనకముందు నేను పెద్దగా అనుకోలేదు. ఇప్పుడు కాటా దగ్గర నిలబడి, తెర వెలిగించకుండానే పెన్ను లాగి లారీ నంబర్, టిక్కీల లెక్క, తూకం రాసేస్తాను. చొక్కా జేబులో ఉండే చిట్టీ పుస్తకం ఇంట్లోనే ఉంటోంది. చేతికి కారం అంటుకున్నప్పుడు తెరను వేలితో తాకే పని కూడా తప్పుతుంది.

తెలుగులో టైప్ చేయడానికి రెండూ బాగానే ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయేవి, ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అప్పటి పేరు విని ఇప్పటికీ భయపడేవాళ్లున్నారు, ఆ భయం అక్కర్లేదు. శాంసంగ్‌లో ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చుకోవచ్చు. మా నాన్నగారు నా ఫోన్‌ను తేలిగ్గా వాడటానికి అదే కారణం. కాల్ మధ్యలో అనువాదం చేసే గెలాక్సీ ఏఐ సదుపాయం విడుదలైనప్పుడు 13 భాషలతో వచ్చింది, వాటిలో హిందీ ఉంది, తెలుగు లేదు. ఢిల్లీ సేఠ్‌తో మా గుమాస్తా నేరుగా మాట్లాడగలిగే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను. రెండు నంబర్లకు రెండు వాట్సాప్‌లు శాంసంగ్‌లో సులువుగా నడుస్తాయి. ఐఫోన్‌లో తమ్ముడు రెండో నంబర్‌కు వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్నాడు.

వేడి విషయంలో రెండింటిదీ ఒకటే కథ. ఫోన్లు వాడాల్సిన వాతావరణం 35 డిగ్రీల లోపు అని కంపెనీలు రాస్తాయి. మా దగ్గర ఏప్రిల్ నాటికే అది దాటుతుంది, మేలో 44 కూడా చూస్తాం. వేడెక్కితే ఏ ఫోనైనా తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గిస్తుంది, చార్జింగ్ ఆపుతుంది. దీన్ని తిట్టుకోకుండా నీడలో పెట్టి, కవర్ తీసి, కాసేపు వదిలేయాలి. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటు రెండింట్లోనూ ఉంది, ఎండాకాలం అది పెట్టుకుంటే బ్యాటరీకి మంచిది. శాంసంగ్ 45 వాట్లతో త్వరగా నిండుతుంది. చార్జర్ మాత్రం ఏ పెట్టెలోనూ రాదు.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. మన కృష్ణా, గుంటూరు ఇళ్లలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరైనా ఉంటారు, వచ్చేటప్పుడు ఐఫోన్ తెమ్మనడం మామూలే. ఇక్కడ విడుదల ధర 1,59,900 రూపాయలు, అక్కడ 1,199 డాలర్లు. టెక్సస్‌లో డల్లాస్ అమ్మకపు పన్ను 8.25 శాతం కలిపినా అప్పటి మారకంలో 1,08,000 రూపాయల చుట్టుపక్కలే అయ్యేది. తమ్ముడి ఫోన్ మా బావమరిది తెచ్చిన అలాంటిదే. ఐతే ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే అర ఉండదు, అంతా ఈ-సిమ్మే, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్. ఫోన్ చెడిపోయిన రోజు సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకునే వీలుండదు. వ్యాపారం నంబర్ దాని మీద పెట్టే ముందు ఇది ఆలోచించుకోండి. తమ్ముడు ఈ కారణంగానే ముఖ్యమైన నంబర్‌ను పాత ఫోన్లో ఉంచాడు. శాంసంగ్ ఇక్కడే 1,29,999కి వచ్చింది, రెండు సిమ్‌ల అరతో.

ఇప్పుడు ఈ రెండింటినీ సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లే ఎక్కువ. ఐఫోన్ 15 ఐతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఎన్ని సైకిళ్లు (పూర్తి చార్జింగ్‌లు) తిరిగిందో కనపడుతుంది, డబ్బు ఇచ్చేముందు అది అడగండి. ఏ ఫోనైనా *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) తీసుకుని, కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి ఆ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ చేయండి. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయ్యి ఉంటే తెలిసిపోతుంది. శాంసంగ్‌కు 7 ఏళ్ల అప్‌డేట్లు అని చెప్పారు కాబట్టి 2031 దాకా నడుస్తుంది. యాపిల్ అంత లెక్క ముందే చెప్పదు గానీ 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఎస్‌కు 2024లో ఐఓఎస్ 18 ఇచ్చింది, ఆ చరిత్రను నమ్మొచ్చు.

కొత్తదే కొంటామంటే, ఎస్25 అల్ట్రాలో పెన్నుకు బ్లూటూత్ తీసేశారు, దూరం నుంచి పెన్ను నొక్కి ఫొటో తీయడం కుదరదు. రాసుకోవడానికి తేడా ఏమీ లేదు. ఐఫోన్ 17 ప్రోలో టైటానియం వదిలి అల్యూమినియం ఒళ్లు, లోపల వేడి పంచే వేపర్ చాంబర్ పెట్టారు. మా ఎండకు అదే కావాలని తమ్ముడు దాని మీద కన్నేశాడు. వచ్చే సీజన్‌కు అతను మారుస్తాడు, నేను ఎస్24తోనే ఉంటాను.