ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్: ఆఖరి యుద్ధాల్లో కష్టం ఎక్కడ పెట్టారు?

ఊళ్ళు కట్టి సైన్యాలు నడిపే కంప్యూటర్ ఆటగా 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్‌గా కొత్త ముస్తాబుతో మళ్ళీ వచ్చింది. అందులోని పాత క్యాంపెయిన్లను, అంటే ఒక్కో చారిత్రక వీరుడి కథగా వరుసగా సాగే యుద్ధాలను, ఒక్కొక్కటిగా హార్డ్ స్థాయిలో పూర్తి చేశాను. బొమ్మల నాణ్యత గురించి, శత్రువుకు పెరిగిన తెలివి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక, ప్రతి కథ చివర వచ్చే యుద్ధంలో కష్టాన్ని ఎలా సర్దారన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను. నా లెక్కన చాలా ఆఖరి యుద్ధాల్లో కష్టమంతా మొదటి పావుగంటలోనే తీరిపోతుంది. ఆ దెబ్బను తట్టుకున్నవాడికి తర్వాత మిగిలేది గంటసేపు గోడలు కూల్చే కూలిపని.

ఈ లోపం అంటనిది, క్రూసేడర్లతో (జెరూసలేము కోసం యుద్ధానికి వచ్చిన యూరప్ క్రైస్తవ సైన్యాలతో) పోరాడిన ముస్లిం సుల్తాను సలాదీన్ కథలోని ఆక్రా ముట్టడి. చరిత్రలో ఆ రేవు పట్టణం 1191 జూలైలో క్రూసేడర్లకు లొంగిపోయింది. ఆటలో మాత్రం దాన్ని మనం నిలబెట్టాలి, పైగా గోడల లోపల వండర్ అనే మహాకట్టడాన్ని కట్టి కాపాడాలి. ఆ కట్టడానికి కలప, బంగారం, రాయి వెయ్యేసి చొప్పున కావాలి. గోడలకూ బురుజులకూ కావలసిందీ ఆ రాయే, మామ్లూక్ ఒంటె రౌతులను తయారుచేయడానికి కావలసిందీ ఆ బంగారమే. రక్షణ మీద ఎక్కువ ఖర్చు పెడితే గెలుపు వెనక్కి జరుగుతుంది, కట్టడానికి తొందరపడితే గోడ పలచబడుతుంది. సారసెన్లకు (ఆటలో సలాదీన్ జాతి పేరు) మార్కెట్‌లో కొనుగోలు రుసుము అయిదు శాతమే కావడంతో కలప అమ్మి రాయి కొనడం ఇక్కడ నిజంగా ప్రాణం నిలిపే ఉపాయమవుతుంది; ఒక జాతికి ఇచ్చిన చిన్న వెసులుబాటును ఇంత చక్కగా పనిలోకి తెచ్చిన ఘట్టం ఈ ఆటలో నాకు మరొకటి కనబడలేదు.

నా మూడో ప్రయత్నంలో జరిగినది చెబితే ఈ తూకం ఎంత సన్ననిదో తెలుస్తుంది. గోడకు దూరంగా శత్రువు ట్రెబుషెట్లు (రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు) రెండు విప్పుకుంటున్నాయి. వాటి రాయి నా బురుజుల బాణాలు అందని దూరం నుంచే పడుతుంది. ఆరుగురు మామ్లూకులను బయటికి పంపాను. వాళ్ళు ఒక యంత్రాన్ని పడగొట్టారు గానీ, వెనక్కి వస్తుంటే వాళ్ళకోసం తెరుచుకున్న తలుపులోంచి శత్రువు గుర్రపు యోధులైన నైట్లు నలుగురు కూడా లోపలికి దూరిపోయారు. గోడ బాగుచేస్తున్న విలేజర్లు (పనివాళ్ళు) ఒక్క నిమిషంలో తుడిచిపెట్టుకుపోయారు. ఆ ఓటమికి కారణం శత్రువుకు అప్పనంగా దొరికిన బలం కాదు, తలుపుకు తాళం వేయని నా అజాగ్రత్త. ఓడినా కోపం రాని కష్టమే సరైన కష్టమని నేననుకుంటాను.

జర్మన్ చక్రవర్తి బార్బరోసా కథ ముగింపు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ చక్రవర్తి క్రూసేడ్‌కు వెళ్తూ 1190 జూన్ 10న సలేఫ్ నదిలో మునిగి చనిపోయాడు. ఆటలో ఆయన దేహాన్ని పీపాలో పెట్టి జెరూసలేములోని డోమ్ ఆఫ్ ది రాక్ అనే పవిత్ర కట్టడం దగ్గరికి చేర్చాలి. కథగా ఇంతకంటే విడ్డూరమైనదీ విషాదమైనదీ ఈ ఆటలో లేదు. కానీ పీపాను భద్రంగా ఒక మూల నిలబెట్టి, ఎంతసేపైనా సైన్యం కూడబెట్టి, ఆ తర్వాతే కదలవచ్చు. ఓపిక ఉన్నవాడికి ప్రమాదమే లేదు. గోడకు ఒక్కచోట గండి కొడితే చాలు, నగరంలోని దండునంతటినీ ఓడించనవసరం లేకుండా పీపాను లోపలికి పరుగెత్తించవచ్చు. శవయాత్రకు ఉండవలసిన తొందర ఆటలో ఎక్కడా కనబడదు. కాలపరిమితి ఒకటి పెట్టి ఉంటే ఇదే ఘట్టం గుండె దడ పుట్టించేది.

2000లో ఆటకు అదనపు భాగంగా వచ్చిన విస్తరణలోని, మెక్సికో ఆజ్టెక్ రాజు మొంటెజూమా కథ ఆఖరి ఘట్టం ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. ఆజ్టెక్‌లకు గుర్రపుసాల లేదు, తుపాకిమందు తెలియదు. ఎదుట స్పెయిన్ ఫిరంగులు. ఈ అసమానత చరిత్ర నుంచి వచ్చిందే కనుక అన్యాయమనిపించదు. వేగంగా ఉరికే ఈగిల్ యోధులతో (ఆజ్టెక్ కాలిబలగంతో) ఫిరంగుల పక్కలోకి చొచ్చుకుపోవడం నేర్చుకున్న క్షణం నుంచి ఆట రుచి మారిపోతుంది. అయితే ఒక్కసారి ఎదురుదాడి కుదిరాక, మిగిలిన స్థావరాలను ఏరివేయడంలో మళ్ళీ అదే కూలిపని మొదలవుతుంది.

స్టాండర్డ్, మోడరేట్, హార్డ్ స్థాయిల వల్ల ఈ లోపం తీరదు. స్థాయి పెంచితే దాడులు బలపడతాయి గానీ యుద్ధం నడిచే తీరు మారదు. మొదటి పావుగంట మరింత భయంకరమవుతుంది, ఆ తర్వాతి గంట అలాగే ఉంటుంది. ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకునే వీలు ఉండటంతో ఆ మొదటి భయం కూడా సగం కరిగిపోతుంది. ఆక్రాలో నేను దాడికొకసారి సేవ్ చేశానని ఒప్పుకోక తప్పదు.

కొత్తగా ఆడేవారు ఆక్రాను మోడరేట్‌లో మొదలుపెట్టి, తలుపులకు తాళం వేయడం ముందే అలవాటు చేసుకోవడం మంచిది. బార్బరోసా పీపాను మాత్రం నేరుగా హార్డ్‌లోనే ఆడాలి. దాన్ని ఒకసారి స్టాండర్డ్‌లో ఆడుతూ, ఆట ఆపకుండానే వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొని వచ్చాను. పీపా పెట్టిన చోటనే ఉంది, దాని చుట్టూ కాపలా పెట్టిన గుర్రాలు కూడా కదలలేదు.