జాగ్రత్త: "ఏ సైజుకైనా మార్చుకోవచ్చు" అన్న స్వెటర్ ప్యాటర్న్ కొనేముందు

ప్యాటర్న్ (ఎలా అల్లాలో కుట్టు కుట్టుకీ చెప్పే సూచనల ఫైల్) డౌన్‌లోడ్ చేసుకుని, దాన్ని మన ఒంటికి తగ్గట్టు కాస్త మార్చి అల్లుకుందాం అనుకునేవాళ్లు ఉంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు పోయింది ప్యాటర్న్ డబ్బు ఒక్కటే కాదు, ఐదు వారాల సాయంత్రాలు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు రాస్తే వాళ్ల దగ్గర మానేసి, అచ్చం ఇలాంటిదే ఇంకొకరి దగ్గర కొంటారు. ఆనవాళ్లు చెప్తాను, ఎక్కడ కనిపించినా గుర్తుపట్టండి.

నేను కొన్నది గుండ్రటి యోక్ స్వెటర్. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వస్తాం. మెడ నుంచి చంకల దాకా ఉండే భాగమే యోక్, దాని చుట్టూ ఆకుల డిజైన్. ఫోటో చూసి మనసు పారేసుకున్నాను. అమ్మకం పేజీలో ఒక లైను ఉంది: "ఏ సైజుకైనా సులువుగా మార్చుకోవచ్చు." ఇచ్చినవి నాలుగు సైజులు. అన్నిటికన్నా పెద్దది ఛాతీ దగ్గర 104 సెంటీమీటర్లు. నా ఒంటి కొలతే 104. స్వెటర్ లోపల ఒక చొక్కా పట్టాలి, చెయ్యెత్తితే బిగుసుకోకూడదు, అందుకని ఒంటి కొలత మీద ఓ 8 సెంటీమీటర్లు వదులు ఉంటేనే నాకు హాయి. అంటే 112 కావాలి. ఎనిమిది సెంటీమీటర్లేగా, మార్చుకోవచ్చని వాళ్లే చెప్తున్నారుగా అని కొనేశాను.

ఫైల్ తెరిస్తే ఆరు పేజీలు. అందులో రెండు పేజీలు ఫోటోలే. గేజ్ (10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు పడతాయన్న లెక్క) దగ్గర "4 మి.మీ. సూదితో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు" అని ఉంది. ఎన్ని వరుసలో లేదు. తయారైన స్వెటర్ పొడవు ఎంత, చంక లోతు ఎంత, చేతి చుట్టుకొలత ఎంత అని చూపించే బొమ్మ లేదు. చార్ట్‌ని (ఒక్కో గడి ఒక్కో కుట్టుగా గీసిన డిజైన్ పటం) ఫోటో తీసి అతికించినట్టున్నారు, పెద్దది చేస్తే గళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. చార్ట్‌లో ఉన్నదాన్ని మాటల్లో కూడా రాస్తారు కదా చాలామంది, అదీ లేదు. అక్కడే ఆగాల్సింది. ఊలు అప్పటికే కొనేసి ఉన్నాను, చేతులు ఊరుకోలేదు.

లెక్క మాత్రం శ్రద్ధగానే వేశాను. పెద్ద సైజులో ఒంటి భాగానికి 228 కుట్లు. సెంటీమీటరుకు 2.2 చొప్పున 103.6 సెంటీమీటర్లు వస్తుంది. నాకు 112 కావాలంటే 246 కుట్లు ఉండాలి. అంటే 18 ఎక్కువ. మామూలుగా ముందు, వెనక విడివిడిగా అల్లి కలిపే సాదా స్వెటర్ అయితే అటు 9, ఇటు 9 కలిపేసి చేతుల దగ్గర కొంచెం సర్దుకుంటే సరిపోయేది. యోక్‌తో పేచీ ఏమిటంటే, డిజైన్ చుట్టూ తిరుగుతుంది. ఇందులో ఆకు 14 సార్లు వస్తుంది. ఒక్కో ఆకు మెడ దగ్గర 8 కుట్లతో మొదలై, చంకల దగ్గరికి వచ్చేసరికి 24 అవుతుంది. పద్నాలుగు ఇరవై నాలుగులు 336. మధ్యలో పద్దెనిమిది కుట్లు దూర్చడానికి చోటెక్కడిది? పెంచితే ఆకు మొత్తం పెంచాలి. 15 ఆకులు, 360 కుట్లు. అదృష్టం కొద్దీ అది కుదిరింది. ఎక్కువైన 24లో 18 ఒంటికి, మూడేసి ఒక్కో చేతికి. మెడ 112 కుట్ల నుంచి 120 అవుతుంది, మూడున్నర సెంటీమీటర్లు వదులైపోతుంది. దానికి మెడ పట్టీ 112 కుట్లతోనే అల్లి, పట్టీ అయ్యాక 8 పెంచుకుంటే చాలు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో!

38వ చుట్టులో దొరికిపోయాను. అక్కడ ఒక్కో ఆకుకి 18 కుట్లు ఉండాలని చార్ట్ చెప్తోంది. 15 ఆకులకి 270. నా సూది మీద 255 ఉన్నాయి.

ఒకటో రెండో తగ్గితే ఎక్కడో కుట్టు జారిందనుకుంటాం. పదిహేను తగ్గాయి. వెంటనే నా మీదే అనుమానం వచ్చింది. ప్యాటర్న్‌ని మార్చింది నేనే కదా. మెడ దగ్గర పెంచిన ఆ 8 కుట్ల దగ్గరే ఏదో తేడా చేసి ఉంటాననుకుని మెడ పట్టీ దాకా విప్పేశాను. మళ్లీ అల్లాను. మళ్లీ 38 దగ్గర 255. ఈసారి పదిహేనో ఆకు వల్లేనేమో అనుకుని, దాన్ని ఎక్కడ కలపాలో కొత్తగా లెక్క వేసుకుని మళ్లీ విప్పాను. ఆకుకీ ఆకుకీ మధ్య మార్కర్లు (గుర్తు కోసం సూదికి తగిలించే రింగులు) కూడా పెట్టలేదు రెండుసార్లూ. ఓపిక లేనితనం, ఒప్పుకుంటున్నాను.

మూడోసారి సూది ముట్టుకోకుండా చార్ట్ ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకుని గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 36వ చుట్టులో 16 గళ్లు. 38వ చుట్టులో 18. మధ్యలో 37వ చుట్టు, కుట్లు పెంచే చుట్టు. అందులో పెంపు గుర్తు ఒక్కటే ఉంది. మిగతా పెంపు చుట్లన్నిటిలోనూ ఆకుకి కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి ఉన్నాయి. ఇక్కడ ఎడమ పక్కది వెయ్యడం మర్చిపోయారు. పదహారుకి ఒకటి కలిపితే పదిహేడు. పదిహేడు పదిహేనులు 255.

తప్పు నాది కాదు. 14 ఆకులతో ఉన్నదున్నట్టు అల్లినా సరిగ్గా 14 కుట్లు తగ్గి ఉండేవి. మార్చడం వల్ల ఆ సంగతి నాకు కనబడలేదు, అంతే. తగ్గిన కుట్ల సంఖ్య ఆకుల సంఖ్యకి అచ్చంగా సరిపోయిందంటే చార్ట్‌లోనే లోపం ఉందని మొదటిరోజే అనుమానించాల్సింది. ఎవరికైనా ఇలా వస్తే ముందు తగ్గిన కుట్లని ఆకుల సంఖ్యతో భాగించి చూడండి.

అమ్మినవాళ్లకి రాశాను. చార్ట్ ఫోటో మీద ఎర్ర సున్నా చుట్టి మరీ పంపాను. రెండో మెయిల్‌కి జవాబొచ్చింది. సారాంశం ఇదీ: మీరు ప్యాటర్న్‌ని మార్చారు కాబట్టి ఎలా వచ్చినా మాకు సంబంధం లేదు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి డబ్బు వాపసు లేదు. మార్చుకోవచ్చని చెప్పి అమ్మిందీ వాళ్లే, మార్చారు కాబట్టి పొమ్మన్నదీ వాళ్లే. 37వ చుట్టు గురించి ఒక్క ముక్క లేదు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే. ప్యాటర్న్‌లో మీరు ఒక్క కుట్టు మార్చినా, అందులో అంతకు ముందునుంచీ ఉన్న తప్పులన్నీ మీ ఖాతాలో పడతాయి. వాళ్లూ మిమ్మల్నే అంటారు, మీరూ మిమ్మల్నే అనుకుంటారు. అందుకే మార్చే ముందు మార్చని ప్యాటర్న్ సరిగ్గా ఉందో లేదో పెన్సిల్‌తో తేల్చుకోండి. నా చార్ట్‌కి అరగంట పట్టింది. ఆ అరగంట ముందే పెట్టి ఉంటే కొన్న రోజే, ఏమీ మార్చకముందే, మెయిల్ రాసేదాన్ని. అప్పుడు వాళ్లకి ఆ సాకు ఉండేది కాదు.

ఆ జవాబులో ఒక పనికొచ్చే సంగతి మాత్రం ఉంది. వరుసల గేజ్ ఎంత అని నేనడిగితే 10 సెంటీమీటర్లకు 32 అని రాశారు. ప్యాటర్న్‌లో ఎక్కడా లేని అంకె! నా స్వాచ్ (గేజ్ చూసుకోవడానికి ముందుగా అల్లే చిన్న నమూనా ముక్క) తీసి కొలిస్తే 28. యోక్‌లో 70 చుట్లు, చుట్టుకి ఒక వరుస. వాళ్ల చేతిలో అది దాదాపు 22 సెంటీమీటర్లు, నా చేతిలో 25. మూడు సెంటీమీటర్లు కిందికి దిగిన చంక అంటే ఏమిటో వేసుకుంటే తెలుస్తుంది, చెయ్యెత్తితే చాలు, స్వెటర్ మొత్తం నడుం పైకి లేస్తుంది. సాదా యోక్ అయితే మధ్యలో కొన్ని చుట్లు ఎగ్గొట్టొచ్చు. ఇక్కడ ఆకు 70 చుట్ల పొడవునా పరుచుకుని ఉంది, ఏ చుట్టు తీసేసినా ఆకు తునిగిపోతుంది. అడ్డం కొలతకి కుట్లు పెంచుకోవచ్చు గానీ, నిలువు కొలత తెలియకుండా యోక్ స్వెటర్ జోలికి పోకూడదు.

ఇక నా సొంత తప్పు. స్వాచ్ అల్లాను గానీ ఉతకలేదు. నా ఊలు సూపర్‌వాష్ రకం, మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా తయారుచేసేది. ముడుచుకోదు సరే, తడిస్తే సాగుతుంది. ఆ గొడవంతా అయ్యాక, ఎందుకో తోచి ఆ స్వాచ్‌ని నీళ్లలో నానబెట్టి ఆరేశాను. 22 కుట్లు 21 అయ్యాయి, 28 వరుసలు 27. కాగితం మీద మళ్లీ లెక్క వేస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 246 కుట్లతో అల్లి ఉంటే ఉతికాక 117 సెంటీమీటర్లు అయ్యేది, డేరా. ఏమీ మార్చకుండా 228తోనే అల్లి ఉంటే 108న్నర వచ్చేది. నా ఒంటి మీద నాలుగున్నర సెంటీమీటర్ల వదులు. నేననుకున్నంత కాకపోయినా హాయిగా వేసుకునేదాన్ని. అంటే ఛాతీ దగ్గర అసలు మార్పే అక్కర్లేదు! ఉతికిన స్వాచ్ చూడకుండా "నాకు చిన్నదవుతుంది" అని తేల్చేసుకున్నాను.

సైజు చాలదని అనిపించినప్పుడు కుట్ల జోలికి వెళ్లకుండా సూది మార్చి చూడటం పాత చిట్కా. 4.5 మి.మీ. సూదితో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తే అవే 228 కుట్లు 114 సెంటీమీటర్లు అవుతాయి. అల్లిక కాస్త పల్చబడుతుంది, యోక్ ఇంకా లోతవుతుంది, ఆ రెండూ ఒప్పుకునే డిజైన్ అయితేనే చెయ్యండి. పొడవు మార్పులకి భయం లేదు. చంక కింద సాదాగా ఉన్నచోట 5 సెంటీమీటర్లు పెంచాలంటే 28 గేజ్‌లో 14 చుట్లు ఎక్కువ అల్లడమే. చేతులు పొడుగు కావాలంటే ప్రతి 6 చుట్లకి తగ్గించే కుట్లని ప్రతి 8 చుట్లకి తగ్గిస్తే సరిపోతుంది. ఊలు మాత్రం ఒక ఉండ ఎక్కువ తెచ్చుకోండి, అదీ ఒకే డై లాట్‌లో (ఒకేసారి రంగు వేసినవి), లేకపోతే కింద అంచు వేరే రంగులో కనబడుతుంది. కేబుల్స్ (జడలా మెలితిరిగే అల్లిక) నిండా ఉన్నవి, భుజం దగ్గర వంపు తిప్పి కుట్టే చేతులున్నవి వెడల్పు మార్చాలంటే, గ్రాఫ్ కాగితం మీద మొత్తం మళ్లీ గీసుకునే ఓపిక ఉందా అని ముందు చూసుకోండి. నాకైతే లేదు. ఊలు బదులు నూలు వాడదామనుకునేవాళ్లకి వేరే చిక్కులు, నూలుకి సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ, బరువుకి కిందికి జారుతుంది.

కొనేముందు అమ్మకం పేజీలో రెండు వైపుల గేజ్ (కుట్లు, వరుసలు), తయారైన స్వెటర్ కొలతలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే డబ్బు కట్టకముందే మెసేజ్ పెట్టి అడగండి: వరుసల గేజ్ ఎంత, డిజైన్ రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే ఒక్క భాగం) ఎన్ని కుట్లు, నా సైజు ఎవరైనా అల్లి చూశారా, తప్పుల సవరణ పేజీ ఉందా. జాగ్రత్తగా ప్యాటర్న్ రాసేవాళ్లు ఇవి దాచరు. ఫోటోలన్నీ ఒకే మనిషివి, ఒకే సైజువి అయితే మిగతా సైజులు కాగితం మీద మాత్రమే ఉన్నాయేమోనని అనుమానించండి. డబ్బు కట్టకముందే జవాబివ్వనివాళ్లు కట్టాక ఇస్తారనుకోకండి.

విప్పిన ఊలు నూడుల్స్‌లా ఉంగరాలు తిరిగిపోయింది. చిలపలా చుట్టి, నాలుగుచోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేలాడదీస్తే మళ్లీ నిటారుగా వచ్చింది. దాంతో ఇప్పుడు వేరే సాదా స్వెటర్ మొదలుపెట్టాను, పొడవు తప్ప ఏదీ మార్చడం లేదు.

ఇప్పటికే ఆకుల యోక్ ప్యాటర్న్ కొన్నవాళ్లుంటే, ఆకు 8 కుట్లతో మొదలై 24తో ముగిసేదైతే, 37వ చుట్టు చూడండి. ఎడమ పక్క పెంపు గుర్తు లేకపోతే అక్కడ ప్రతి ఆకుకీ ఒక కుట్టు పెంచుకోండి, లెక్క సరిపోతుంది. నిన్న మళ్లీ ఆ అమ్మకం పేజీకి వెళ్లి చూశాను. "ఏ సైజుకైనా సులువుగా మార్చుకోవచ్చు" అలాగే ఉంది. దాని కింద "వాపసు లేదు" అన్న లైను మాత్రం బోల్డ్ చేశారు.