రోకలిబండా, జెర్రా: ఇంట్లో పెంచడానికి ఏది?

తొలకరి పడగానే హైదరాబాద్‌లో పూలకుండీల కింద రెండూ కనిపిస్తాయి. రోకలిబండ ఒళ్లు గుండ్రం, చాలా కణుపులకు రెండేసి జతల కాళ్లు. జెర్రి బల్లపరుపుగా ఉంటుంది, కణుపుకు ఒకటే జత.

పిల్లలున్న ఇంట్లో జెర్రి వద్దనే నా మాట. అది వేటాడే పురుగు. ముందరి జత కాళ్లతోనే విషం ఎక్కిస్తుంది, చిన్న సందు దొరికినా పారిపోతుంది. బతికున్న పురుగులే మేపాలి. కుట్టాక ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

రోకలిబండకు కుళ్లిన ఆకులు, మెత్తబడ్డ పుల్లలు చాలు. మందు కొట్టని చెట్ల ఆకులే వేయండి. అప్పుడప్పుడు కీరా ముక్క, కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకుల పొడి. మట్టి దాని ఒంటి పొడవుకు తగ్గకుండా లోతుగా, తడి తడిగా ఉండాలి. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటితే డబ్బాను చల్లటి మూలకు మార్చాల్సిందే. (కేబీఆర్ పార్కు నుంచి మాత్రం ఏ ప్రాణినీ తీసుకురాకండి, అది జాతీయ పార్కు.)

పట్టి లాగితే కాళ్లు విరుగుతాయి. అరచేయి నేలకు ఆనించండి, అదే ఎక్కుతుంది. కాళ్లు అలలా కదులుతుంటే సన్నగా చక్కిలిగిలి పెడుతుంది. బెదిరితే చుట్టుకుపోయి ఘాటైన ద్రవం వదులుతుంది. అది చర్మం మీద గోధుమరంగు మరక వేస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. అందుకే దింపిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.